సరదా మీట కింద మన మాట

బెంగళూరు,
ఆదివారం మధ్యాహ్నం.

గట్టు ఊరి బడిలో విద్యా వాలంటీరుగా వెలుగొందుచు, పిల్లల పలకలను, వీపులను ఏకకాలమున దిద్దుచున్న మా అక్క జయమ్మ గారికి, ఆమె చేతి దెబ్బలు తిని అక్షరాస్యుడైన తమ్ముడు తిమ్మప్ప, చెయ్యి అందనంత దూరం నుంచి సాష్టాంగపడి రాసుకొను విన్నపం.

నేనిక్కడ బాగున్నాను. నువ్వు, బావ, పిల్లలు, అమ్మ, నాయన అంతా బాగున్నారని తలుస్తాను. నాయన మోకాలు నొప్పి తగ్గిందా? బావ పెబ్బేరు అంగడిలో ఎద్దు కాలు చూసినంత శ్రద్ధగా ఒకసారి నాయన కాలును కూడా చూసి, గద్వాల దవాఖానకు తీసుకుపోతే బాగుంటుందని నా మనవి. నా గురించి రంది పెట్టుకోవద్దని అమ్మకు చెప్పు. రెండు పూటలా తింటున్నాను. బాగున్నాను.

ఇదంతా పుస్తకాల తెలుగులో రాస్తున్నానని నవ్వుతున్నావని తెలుసు. నవ్వకు. ఆఫీసులో అలవాటు చేస్తున్నారు. చెయ్యి దానంతట అదే ఇలా నడుస్తోంది. నోరు మాత్రం ఇంకా మాట వినడం లేదు.

పోయిన ఉత్తరంలో నువ్వు ఒక్క మాట అడిగావు. "కొత్త సీడీల నా తిట్లు ఉంటయా, ఉండవా? పిల్లలు రోజు అడుగుతున్నరు" అని. మొన్న ఫోన్లో కూడా అదే అడిగితే, మాట సరిగా వినబడడం లేదని అరిచి పెట్టేశాను. అంతా చక్కగానే వినబడింది. జవాబు ఈ ఉత్తరంలోనే ఉంది కానీ వరుసగా చెప్పుకుంటూ వస్తే తప్ప నాకు చెప్పబుద్ధి కాదు. ఓపిక పట్టు.

ఇక్కడ వాన ఒక పద్ధతిగా పడదు. పొద్దున్నే మొదలై, ఆఫీసుకు పోవాలా వద్దా అని ఆలోచించే ఉద్యోగిలాగా రోజంతా నసుగుతూ ఉంటుంది. మన దగ్గర మబ్బు పట్టిందంటే ఊరంతా బయటికొచ్చి చూస్తుంది కదా, ఇక్కడ గొడుగు తెరిచి తిట్టుకుంటారు. మెస్సులో సాంబారు తియ్యగా ఉంటుంది. మొదట్లో పాయసమేమో అనుకుని చివరికి దాచుకున్నాను. ఎవరైనా ఇటు వస్తుంటే ఎండు సజ్జరొట్టెలు, పల్లిపొడి పంపు. ఎక్కువే పంపు, సగం ఖాజాగాడు తింటాడు. ఖాజా అంటే నా గదిలో ఉండే అమరచింత పిల్లగాడు, సెల్‌ఫోన్ల దుకాణంలో పనిచేస్తాడు. ఈ ఊళ్ళో నేను నోరారా మాట్లాడేది వాడితోనే. మా ఇంటి యజమానురాలు నేను మాట్లాడే కొద్దిపాటి కన్నడాన్ని తెగ మెచ్చుకుంటుంది. కన్నడంలో నాకు తప్పులు లేవట. తెలుగులోనే ఉన్నాయట. అది చెప్పింది ఆమె కాదు. చెప్పినవాళ్ళ దగ్గరికే వస్తున్నాను.

నేను చేసే పనేమిటో నాయనకు ఇప్పటికీ తెలియదు. కంప్యూటర్లు రిపేరు చేస్తాడని చెప్పుకుంటున్నాడట, చెప్పుకోనీ. నీకు మాత్రం మళ్ళీ చెబుతాను, నువ్వు నీ తోటి టీచర్లకు చెప్పుకోవాలి కదా. పిల్లలు కంప్యూటరుకు పని చెప్పాలంటే ఒక భాషలో రాసివ్వాలి. ఇన్నాళ్ళూ ఆ భాషలో మాటలన్నీ ఇంగ్లీషువే. మేము వాటిని తెలుగు చేస్తున్నాం. అలా రాసిన దాన్ని కంప్యూటరుకు అర్థమయ్యేలా మార్చేది కంపైలర్. అందులో వెనక సగం ఎవరో మహానుభావులు ముందే రాసి లోకానికి ఉచితంగా వదిలారు. ముందు సగం మాది. రాసిన దాన్ని మాటలుగా విడగొట్టడం, వాక్యం సరిగా ఉందో లేదో చూడడం, తప్పుంటే ఎక్కడ తప్పో చెప్పడం, ఇదీ ముందు సగం పని. అంటే నువ్వు బడిలో చేసేదే. జీతం నాకు వస్తుంది.

మొదట కొమ్ములతోనే చచ్చాం. కంప్యూటరు మన రాతను ఒక్కో గుర్తుగా చదువుతూ, ప్రతి గుర్తునూ "నువ్వు అక్షరమా?" అని అడుగుతుంది. "ప" అవునంటుంది. దాని కొమ్ము, కాదు, నేను కొమ్మును అంటుంది. అంతే, అక్షరం కాని దాని దగ్గర మాట అయిపోయిందని అక్కడికక్కడే తెగ్గొడుతుంది. దాన్ని కట్టినవాళ్ళ భాషలో గుణింతం లేదు మరి. నాకు నువ్వే గుర్తొచ్చావు. "పులికి కొమ్ము పీకితే పలి అయింది. పలి అంటే ఏందిరా తిమ్మా, ఏ అడవిల ఉంటది?" అని చెవి మెలిపెట్టేదానివి. నీ చెవి మెలిపెట్టుడును నేను కంప్యూటరుకు నేర్పాను. గుణింతం ఊడకుండా మాటను మాటగా పట్టుకునే ఆ భాగమంతా నేను రాసిందే. ఇది గొప్పకు చెప్పడం లేదు. గొప్పకు కూడా చెబుతున్నాను.

తర్వాత తప్పు దొరికినప్పుడు తెర మీద ఏమని రాయాలన్న ప్రశ్న వచ్చింది. ఎవరూ ఏమీ చెప్పలేదు. ప్రస్తుతానికి ఏదో ఒకటి పెట్టమన్నారు. నా తప్పులకు నేను పుట్టినప్పటి నుంచి విన్న మాటలు నీవే కాబట్టి, అవే పెట్టాను. ఇది ఫలానా అని ముందు చెప్పని పేరు వాడితే, "ఈ పేరు ఎవరిదో నాకు తెల్వదు. ముందుగాల చెప్పి, అటెన్క వాడు." బ్రాకెట్టు మూయకపోతే, "ఆడ తల్పు తెర్సినవ్. మూసేటోడు ఎవడు, మీ తాతనా?" అంకెను తీసుకెళ్ళి పేరుకు కలిపితే, "జొన్నలల్ల రాళ్ళు పోస్తరా ఎవరన్న?"

ఆ మాటలతో చేసిన సీడీయే గద్వాల కంప్యూటర్ సెంటరుకు పోయింది. నువ్వు పిల్లలను బస్సెక్కించి అక్కడికి తీసుకుపోయింది దానికోసమే. నీ ఉత్తరం చదివి నేను, ఖాజా పొట్ట పట్టుకుని నవ్వాం. "తప్పు చేస్తే కంప్యూటరు మా టీచర్ లెక్క తిడుతున్నదని, పిల్లలు తిట్లు వినేదానికి కావాలని తప్పులు రాస్తున్నరు. రాసి రాసి తప్పు ఏడ ఉంటదో నేర్చుకున్నరు తిమ్మా" అని రాశావు. ఆ వాక్యాన్ని నేను ప్రసాద్ గారికి చదివి వినిపించాను. ప్రసాద్ గారంటే మా ప్రాజెక్టు పెద్ద. ఆయన నివేదికలో రాసుకున్నది ఇది: వినియోగదారులు ఉద్దేశపూర్వకముగా తప్పులు చేయుచున్నారు.

ఆయన చెడ్డవాడు కాదక్కా. అదే నా బాధ. చెడ్డవాడైతే ఈ ఉత్తరం ఇంత పొడుగు ఉండేది కాదు. జ్వరమొస్తే ఇంటి నుంచి చారన్నం పట్టుకొచ్చి ఇచ్చాడు. కోస్తా మనిషి, తెలుగంటే ప్రాణం. ఆ ప్రాణంలో మన వాటా ఎంత అన్నదే లెక్క తేలలేదు.

సీడీలు అచ్చు వేయించి బళ్ళకు పంచడానికి డబ్బు ఇచ్చే పెద్దలు వచ్చి చూశారు. నేనే చూపించాను. ఒక పెద్దాయన సరదాపడి తానే కూర్చుని రెండు వాక్యాలు రాశాడు. చెప్పని పేరు వాడాడు. తెర మీద నీ మాట వచ్చింది. కళ్ళజోడు సవరించుకుని చదివాడు.

"తెల్వదు. ఇది ఏ భాషండీ?"

"తెలుగే సార్" అన్నాను.

"తెలియదు కదా ఉండాలి?"

"మీకు తెలియదు సార్. మాకు తెల్వదు."

నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. మా సునీత ఒక్కతే నవ్వబోయి దగ్గింది. సునీత నా పక్క సీటు అమ్మాయి, మంచిదే, దగ్గు ఎక్కువ.

వాళ్ళు వెళ్ళాక ప్రసాద్ గారు నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. "తిమ్మప్పా, నీ మీద గౌరవంతోనే చెబుతున్నాను. ఇది అందరి తెలుగు కావాలయ్యా. శ్రీకాకుళంలో పిల్లాడికి 'ముందుగాల' అంటే ఏమర్థమవుతుంది చెప్పు?"

అది నిజమే. నేనూ ఒప్పుకున్నాను. "మరి ఏం పెడదాం సార్?"

ముందే రాసి పెట్టుకున్న కాగితం నా ముందుకు జరిపారు. మొదటిది, చెప్పని పేరుకు, "అనిర్వచిత నామము." రెండోది, మూయని బ్రాకెట్టుకు, "కుండలీకరణ లోపము."

"సార్, ఇది శ్రీకాకుళం పిల్లాడు మాట్లాడుతాడా?"

"మాట్లాడడు."

"మీ ఇంట్లో మాట్లాడతారా?"

"ఎవరూ మాట్లాడరయ్యా. అందుకే ఎవరికీ కోపం రాదు."

అక్కా, ఆ కాగితం తీసుకుని లేచాను. మాటకు మాట అంటించకుండా నేను సీట్లోకి వచ్చి కూర్చున్న ఏకైక సందర్భం అది.

నేను మారుస్తూ కూర్చుంటే ఆలస్యమవుతుందని, యాస మాటలను ఒక్క దెబ్బకు మార్చే పని సునీతకు అప్పగించారు. "ఈడ" అని ఎక్కడున్నా "ఇక్కడ", "ఆడ" అని ఎక్కడున్నా "అక్కడ". సీడీలో పిల్లల కోసం రాసిన అన్ని పాఠాల్లో, అన్ని సందేశాల్లో. మీట నొక్కింది, అయిపోయింది. టీ తాగడానికి వెళ్ళాం.

తిరిగొచ్చి నేను ఊరికే పాఠాలు తిరగేస్తున్నాను. కబడ్డీ పాయింట్లు లెక్కపెట్టే పాఠం ఒకటి ఉంది కదా, నీ బడి పిల్లలకు నచ్చిందన్నావు. దాని పేరు "ఆడపిల్లల జట్టు". ఇప్పుడు తెర మీద "అక్కడపిల్లల జట్టు" అని ఉంది. కింద "అక్కడపిల్లలు అక్కడిన ఆటలు" అని ఉంది. దాని కింద, "రండి, అక్కడుకుందాం."

మాట ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చూడకుండా కోస్తే ఇంతే. అది చూడడానికే మేమందరం ఇన్నాళ్ళుగా ఆ ముందు సగం రాస్తున్నాం. రాసినవాళ్ళే చూడలేదు.

సీడీ మర్నాడు అచ్చుకు పోవాలి. నాకు తప్ప ఎవరికీ తెలియదు. చెప్పకుండా ఊరుకుంటే చాలు, ఆ శుద్ధమైన తెలుగు అన్ని బళ్ళకూ అలాగే వెళుతుంది. పెద్దాయన కళ్ళజోడు సవరించుకుని "అక్కడుకుందాం" అని చదవడం నా కళ్ళ ముందు కదిలింది. చాలా తియ్యగా ఉండింది, మా మెస్సు సాంబారంత. భోజనాల వేళ దాకా నోరు మూసుకుని కూర్చున్నాను. కానీ దాన్ని చదివేది పెద్దాయన కాదు కదా. గట్టు నుంచి బస్సెక్కి వచ్చే నీ ఆడపిల్లలు. తప్పు తమదే అనుకుంటారు. మనవాళ్ళకు అది ముందే అలవాటు.

లేచి వెళ్ళి చెప్పాను.

ప్రసాద్ గారి ముఖం తెల్లబోయింది. సునీతకు ఈసారి దగ్గు కూడా రాలేదు. "అయ్యో, ఎంత పని జరిగేదయ్యా" అని ఆయన నా భుజం తట్టారు. "పాతది వెనక్కి తెచ్చి, నువ్వే చేత్తో మార్చెయ్. ఏది ఎక్కడుందో నీకే తెలుసు."

చూశావా, తప్పు పట్టుకున్నందుకు బహుమానం.

అంతటితో ఆగలేదు. నా ముఖం ఎలా ఉందో ఏమో, ఆయనకు జాలేసింది. "నీ కష్టం పోనివ్వనయ్యా. ఒక పని చేద్దాం. అమరికల్లో, అంటే సెట్టింగుల్లో, ఒక మీట పెడదాం. అది నొక్కితే నీ సందేశాలే వస్తాయి. నొక్కకపోతే మామూలువి."

నాకు ప్రాణం లేచొచ్చింది. "మీట మీద ఏమని రాద్దాం సార్?"

"సరదా అని."

"పాలమూరు అని రాద్దాం సార్."

"జిల్లా పేరెందుకయ్యా, లేనిపోని గొడవ. సరదా అంటే అందరూ నొక్కుతారు. నవ్వుకుంటారు."

"మా అక్క నవ్వడానికి అనలేదు సార్. నేర్పడానికి అంది."

గదిలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేను మళ్ళీ జోకు వేశాననుకున్నారు. తప్పు నాదే అక్కా. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి నేను నోరు తెరిస్తే నవ్వడమే వాళ్ళకు అలవాటు చేశాను. ఒక్కసారి నవ్వకుండా వినమంటే ఎలా వింటారు?

సాయంత్రం ఖాజాతో చెప్పాను. వాడు చపాతీ చుట్టుకుంటూ విన్నాడు.

"గింత దానికి పరేషాన్ ఏందిరా? నువ్వే చెప్తివి గద, మీ సామాను ఎవరన్న తీస్కోవచ్చు, ఎవరన్న మార్చుకోవచ్చు, ఎవరికన్న పంచొచ్చు అని. నువ్వు గూడ ఒక కాపీ తీస్కొని అలగ్ దుకాణం పెట్టు."

"పెడ్త. కొనేటోడు ఎవడు?"

"ఫుకట్ సామానుకు కొనుడు ఏందిరా?"

"గదే. బళ్ళకు పంపేది వాళ్ళు. గద్వాల సెంటర్ల కంప్యూటర్లు గూడ వాళ్ళయే. వాళ్ళు పంపింది దప్ప ఇంకోటి ఎక్కియ్యనియ్యరు. నా సీడీ ఎవరు పంపుతరు?"

"అమరచింత బస్సుల డ్రైవర్‌కు ఇచ్చి పంపుత" అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు.

వాడు చెప్పినది నిజం. ఓపెన్ సోర్స్ అంటే అదే. తలుపులు లేని ఇల్లు, ఎవరైనా లోపలికి రావచ్చు, తమకు కావలసినట్లు మార్చుకోవచ్చు. ఆ షరతుల కాగితాన్ని తెలుగు చేసింది కూడా నేనే. "మార్చుకొను స్వేచ్ఛ" అని నేనే మురిసిపోతూ రాశాను. వాళ్ళు నన్ను మోసం చేయలేదు, దొంగతనం చేయలేదు. నేను రాసిచ్చిన స్వేచ్ఛను అక్షరాలా వాడుకున్నారు. కోర్టుకు పోవడానికి కూడా వీల్లేనంత ధర్మంగా జరిగింది.

శుక్రవారం పని పూర్తి చేశాను. ఆడపిల్లలు మళ్ళీ ఆడపిల్లలయ్యారు, ఆడుకుంటున్నారు. కుండలీకరణ లోపము, అనిర్వచిత నామము తమ తమ చోట్ల కూర్చున్నాయి. నీ మాటలు మాత్రం మిగిలాయి, సరదా మీట కింద పెట్టడానికి. మీట కూడా తయారు చేశాను. నొక్కి చూశాను. "ఈ పేరు ఎవరిదో నాకు తెల్వదు" అని వచ్చింది. పక్కన నవ్వుతున్న బొమ్మ ఒకటి పెట్టారు. పసుపుపచ్చ ముఖం, పళ్ళు బయటపెట్టి ఉంది.

నువ్వు చెవి పట్టుకుని చెప్పేటప్పుడు నవ్వలేదు. ఎండలో నడిచొచ్చి, చెంగుతో ముఖం తుడుచుకుని, ఒక్కో పలక పట్టుకుని చెప్పావు. ఆ మాట పక్కన ఆ పళ్ళు ఎందుకున్నాయో నాకు అర్థం కాలేదు.

మీట తీసేశాను. దాని కిందివి కూడా ఒక్కటొక్కటిగా నేనే తీసేశాను. ఏ మార్పు చేసినా ఎందుకు చేశామో అందరికీ కనబడేలా ఒక వాక్యం రాసి పెట్టాలన్నది మా పనిలో నియమం. ఆ వాక్యానికి అరగంట పట్టింది. చివరికి ఇలా రాశాను: "ఇవి సరదాకు రాసినవి కావు గనుక తొలగించడమైనది." ప్రసాద్ గారు చదివారు. "వ్యాకరణం బాగుంది" అని వెళ్ళిపోయారు.

కాబట్టి నీ ప్రశ్నకు జవాబు: ఉండవు. తీసింది వాళ్ళు కాదు, నేను. పిల్లలతో అబద్ధం చెప్పొద్దు, కంప్యూటరు మన మాట మర్చిపోయిందని కాదు, తమ్ముడే తీశాడని చెప్పు. ఉద్యోగానికి ఏమీ ఢోకా లేదు, రంది పెట్టుకోవద్దు. తింటున్నాను, పడుకుంటున్నాను, బాగున్నాను.

నీకు ఒక పని మాత్రం పడింది. కొత్త సీడీ గద్వాలకు వచ్చే నెల వస్తుంది. నీ పిల్లల్లో ఎవరో ఒకరు చెప్పని పేరు వాడతారు. తెర మీద "అనిర్వచిత నామము" అని పడుతుంది. అందరూ చదువుతారు, ప్రతి అక్షరం వస్తుంది, గుణింతం ఒక్కటి కూడా ఊడదు, ఆ పూచీ నాది. చదివి, నీ ముఖం చూస్తారు. అప్పుడు నువ్వు వాళ్ళ కుర్చీ వెనక నిలబడి, నోటితో దాని అర్థం చెప్పాలి. ఇంగ్లీషులోంచి తెలుగులోకి కాదు. తెలుగులోంచి తెలుగులోకి.

నా తరఫున అమ్మ, నాయనల పాదాలు తాకు. బావకు నమస్కారం, పిల్లలకు ముద్దులు. పక్కింటి మస్తానమ్మ పెద్దమ్మను అడిగానని చెప్పు. నీ దీవెన నాకు కావాలి. తిట్టు అయినా సరే.

నీ తమ్ముడు,
తిమ్మప్ప